ఉస్తాద్ చేతిలోని విద్యకు వారసులెవరు?

హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో తయారయ్యే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎన్నో ముస్లిం కుటుంబాలకు అన్నం పెడుతున్న వృత్తులివి. గుర్తింపు వచ్చినందుకు సంతోషించడం సహజమే. అయితే ఆ గుర్తింపు దేనిని కాపాడుతుందో కూడా మనం ఆలోచించాలి.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కాపాడేది పేరును. వేరే చోట తయారైన సరుకును ఆ పేరుతో అమ్మకూడదంటుంది. తయారుచేసే విద్యను కాపాడే బాధ్యత మాత్రం మనదే. లక్కను బొగ్గుల కుంపటిపై ఎంతసేపు కాచాలి, రంగు ఎప్పుడు కలపాలి, కడ్డీని గాజుగా చుట్టాక ఎంత వేడి మీద రాళ్లు పొదగాలి అన్నది ఉస్తాద్ వేళ్లకు తెలుసు. ఆయన కన్నుమూసి, కొడుకు ఆటో నడుపుకోవడానికి వెళ్లిపోతే ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు పేరు మిగులుతుంది, వస్తువు మిగలదు.

పెద్ద కంపెనీలకు పరిశోధనా విభాగాలుంటాయి. నలుగురైదుగురు పనిచేసే కార్ఖానాకు పనివారి అనుభవమే పెట్టుబడి. ఆ అనుభవం ముక్కలుగా చెదిరి ఉండటమే అసలు సమస్య. ఏ రంగు అడుగుతున్నారో దుకాణదారుకు తెలుసు. ఏ రంగు లక్కలో నిలుస్తుందో కుంపటి ముందున్న కారీగరుకు తెలుసు. ఏ రాయి ఊడిపోతుందో ఇంట్లో కూర్చుని పొదిగే స్త్రీకి తెలుసు. ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నప్పుడే కొత్త నమూనా పుడుతుంది.

రహస్యం బయటపెడితే పక్కవాడు కాజేస్తాడన్న భయం అర్థం చేసుకోదగినదే. దానికీ మార్గమున్నది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త నమూనాకు మొదట పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ లభిస్తుంది. కాకపోతే సరుకు బజారుకెక్కక ముందే దరఖాస్తు చేయాలి. ఇక మూల విద్య ఉమ్మడి సొత్తు. హలీమ్ విషయంలో పోటీదారులైన హోటళ్లవారే సంఘంగా ఏర్పడి, తయారీ పద్ధతిని కాగితంపై పెట్టి గుర్తింపు సాధించారు.

కాబట్టి ప్రతి కార్ఖానాలో ఒక నోటుపుస్తకం ఉండాలి. చేసిన ప్రయత్నాలు, చెడిపోయినవి కూడా, తేదీతో అందులో రాయాలి. ఉస్తాద్ పనితనాన్ని ఇంటి పిల్లలు ఫోన్లో వీడియో తీయాలి. సంఘానికి గుర్తింపు వచ్చినంతనే సరిపోదు. చట్టం ప్రకారం ప్రతి తయారీదారుడూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి. బజారు సంఘాలు నెలకొకసారి అందరినీ కూర్చోబెట్టాలి. ప్రభుత్వం కూడా రుణాలతో సరిపెట్టక, ఉస్తాద్‌కు గౌరవవేతనమిచ్చి యువతకు నేర్పించాలని మనం కోరాలి.

అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసిపెట్టుకోమని దివ్యఖుర్ఆన్ (2:282) ఆదేశిస్తోంది. తాతముత్తాతల నుంచి మనకందిన విద్య కూడా ఒక అప్పే. అది రాబోయే తరానికి అప్పగించవలసిన అమానతు. దానిని రాసిపెట్టే పని ఈ తరానిది.