వీధి కెమెరా, మన గడప

2022 జూలై నుంచి హైదరాబాదు వీధులు ఇంటర్నెట్ మ్యాపుల్లో ఫొటోలుగా కనిపిస్తున్నాయి. దేశంలో మరో తొమ్మిది నగరాలు కూడా అప్పుడే ఆ జాబితాలో చేరాయి. కారు పైన బిగించిన కెమెరా నలువైపులా ఫొటోలు తీసుకుంటూ వీధుల వెంట తిరుగుతుంది. ఆ తరవాత ప్రపంచంలో ఏ మూల వున్నవాళ్ళైనా కూర్చున్నచోటి నుంచే ఆ వీధిలో నడిచినట్టు ఇంటింటినీ చూడొచ్చు. గేటు ఎటువైపు వుంది, కిటికీ ఎంత ఎత్తులో వుంది, పక్కసందు ఎటు పోతుంది, అన్నీ తెలుస్తాయి. పై నుంచి చూడాలనుకుంటే ఉపగ్రహం తీసిన ఫొటోలు ఎలాగూ వున్నాయి.

వీటివల్ల ఉపయోగం లేదని ఎవరూ అనరు. కొత్త వూరికి ఉద్యోగానికి వెళ్ళిన ఆడపిల్ల రాత్రిపూట దారి అడుక్కునే అవసరం తగ్గింది. అయితే ఈ ఫొటోలు తీసేముందు ఆ వీధుల్లో బతికే ఆడవాళ్ళని ఎవరైనా ఒక్క మాట అడిగారా? ఏది చూపించాలో, ఏది చూపించకూడదో నిర్ణయించేది ఎవరు? స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న మనం ఈ ప్రశ్నని ఇంజనీర్లకీ, వ్యాపారులకీ వదిలేస్తే నష్టపోయేది మనమే.

ఇంటికీ వీధికీ మధ్య

కంపెనీలు చెప్పే సమాధానం ఎప్పుడూ ఒకటే. రోడ్డు మీద నిలబడితే ఎవరికైనా కనిపించేదే కదా, అందులో రహస్యం ఏముంది అంటారు. ఈ వాదన ప్రకారం లోపల ఇల్లు, అది సొంతం. బయట వీధి, అది అందరిదీ. కానీ ఆడవాళ్ళ రోజులో చాలా భాగం ఈ రెండింటికీ మధ్యనే గడుస్తుంది. గడప ముందు ముగ్గు వేస్తాం. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటాం. డాబా మీద బట్టలు ఆరేస్తాం. బస్తీల్లో అయితే స్నానానికి కూడా నాలుగు గోనెపట్టాల చాటే దిక్కు. పైకప్పు లేని ఆ చాటు పై నుంచి చూసేవాడికి చాటే కాదు.

అరుగు మీద కూర్చున్నప్పుడు ఎవరు చూస్తున్నారో మనకి తెలుస్తుంది. మనిషిని బట్టి పైట సర్దుకుంటాం, మాట ఆపేస్తాం, లేచి లోపలికి పోతాం. కెమెరా ముందు ఆ వీలు లేదు. పైగా అది నడిచే మనిషి కన్ను కంటే ఎత్తులో వుంటుంది. ప్రహరీగోడల పై నుంచి ఇళ్ళలోకి చూస్తోందని జపానులో జనం గొడవ చేస్తే, 2009లో కంపెనీ కెమెరాని 40 సెంటీమీటర్లు కిందికి దించి మళ్ళీ ఫొటోలు తియ్యడానికి ఒప్పుకోవలసి వచ్చింది. దారినపోయే మనిషి చూపు ఆ మనిషితో పాటే పోతుంది. ఫొటో మాత్రం ఏళ్ళ తరబడి మన చిరునామాకి అతుక్కుని వుంటుంది.

రెండు కేసులు చూడండి. జపానులోని ఫుకుఓకాలో ఒక స్త్రీ తన బాల్కనీలో ఆరేసుకున్న లోదుస్తులు మ్యాపులోకి ఎక్కాయని కోర్టుకెళ్ళింది. ఆ ఫొటో బట్టల కోసమని తీసింది కాదని చెప్పి జిల్లా కోర్టు 2011లో కేసు కొట్టేసింది. 2012లో హైకోర్టు కూడా అదే తీర్పుని సమర్థించింది. రెండోది కెనడాలోని మాంట్రియల్‌ది. తన ఇంటి మెట్ల మీద కూర్చున్న స్త్రీ రొమ్ములు కొంతవరకు కనిపించేలా 2009లో కెమెరా కారు ఫొటో తీసింది. ముఖం మసక చేశారు గానీ ఇల్లు, చిరునామా, కారు నెంబరు అలాగే వుంచారు. పనిచేసే చోట తోటివాళ్ళు గేలి చేశారని ఆమె చెప్పింది. బయట కనిపించేచోట కూర్చున్నంత మాత్రాన ఆమె తన గోప్యత హక్కుని వదులుకున్నట్టు కాదని 2014లో కోర్టు తేల్చి, 2,250 డాలర్లు నష్టపరిహారం ఇవ్వమంది. ఆ కంపెనీకి ఇది లెక్కలోకి రాని డబ్బు. తీర్పు మాత్రం మనకి ముఖ్యం. గడపకీ మెట్లకీ కూడా గౌరవం వుంటుందని ఒక కోర్టు ఒప్పుకుంది.

ముఖం చెరిపితే చాలునా?

ముఖాలు మసక చేస్తున్నాం కాబట్టి ఇబ్బంది లేదని ఇప్పుడు చెబుతున్నారు. 2007లో అమెరికాలో ఐదు నగరాలతో ఇది మొదలైనప్పుడు ఆ మాత్రం జాగ్రత్త కూడా లేదు. అభ్యంతరాలు వచ్చాక 2008 నుంచి ముఖాలు మసక చెయ్యడం మొదలుపెట్టారు. అయితే మనల్ని వెతుక్కుంటూ వచ్చే మనిషి ఎవరు? చాలాసార్లు అతను మనకి పరాయివాడు కాదు. భర్త, వదిలేసిన ప్రేమికుడు, పెళ్ళి ఇష్టం లేని అన్నదమ్ముడు. వాళ్ళకి మన ముఖం కనిపించనక్కర్లేదు. చీర, స్కూటీ, తలుపు రంగు, నడిచే తీరు చాలు. బస్తీలో అందరూ అందరికీ తెలుసు. ముఖం చెరిపినా మనిషి చెరిగిపోదు.

ఆశ్రయ గృహాల సంగతి ఇంకా తీవ్రమైంది. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల ప్రకారం, బాధిత స్త్రీ కోరితే ఆమె తమ దగ్గర వున్న సంగతి ఆశ్రయ గృహం ఎవరికీ చెప్పకూడదు. చట్టం ఆమె పేరు దాచమంటుంది, మ్యాపేమో ఆ ఇంటి గేటు ఫొటో చూపిస్తుంది. గేటు తెలిసినవాడికి పేరుతో పనేముంది? సందు చివర కాపు కాస్తే సరిపోతుంది. అమెరికాలో మొదట్లోనే కంపెనీ గృహహింస వ్యతిరేక సంఘాలతో మాట్లాడి ఆశ్రయ గృహాలని తొలగించే ఏర్పాటు చేసింది. ఇది తెలియని విషయం కాదు, చెయ్యలేని పనీ కాదు. అడిగే సంఘాలు వున్నచోట జరుగుతుంది.

రాజ్యం భయం, మన భయం

మన ప్రభుత్వాలకి ఈ ఫొటోల ప్రమాదం తెలియదని అనుకోవద్దు. 2005 అక్టోబరులో హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలోనే అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఉపగ్రహ ఫొటోలు అందరికీ దొరకడం మీద ఆందోళన వెలిబుచ్చారు. 2011లో బెంగుళూరులో వీధి కెమెరా కార్లని పోలీసులు ఆపేశారు. 2016లో కేంద్ర హోంశాఖ అనుమతి నిరాకరించింది. కారణం దేశ భద్రత. 2021లో కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించి, వీధి ఫొటోలు తీసే పని భారతీయ కంపెనీలకే పరిమితం చేసింది. ఆ దారినే 2022లో కెమెరా తిరిగి వచ్చింది.

ఇన్నేళ్ళ చర్చలో సైనిక స్థావరాల గురించి విన్నాం. ఆడవాళ్ళ హాస్టళ్ళ గురించి, ఆశ్రయ గృహాల గురించి విన్నామా? రాజ్యానికి తన గోడల గురించి భయం వుంది. మన గడపలు దాని లెక్కలోకి రాలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు వెలువడేసరికి 2025 నవంబరు అయింది, ముఖ్యమైన బాధ్యతలకి మరో 18 నెలల గడువు ఇచ్చారు. కార్లు మాత్రం ఏ గడువు కోసమూ ఆగలేదు.

ఉపగ్రహం ఒకటే, అనుభవాలు వేరు

2000 మేలో అమెరికా తన ఉపగ్రహ సంకేతాలని మామూలు జనానికి కూడా కచ్చితంగా అందేలా విడుదల చేసింది. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో ఒకతను అడవిలో ఒక బకెట్ దాచి, అదెక్కడుందో అంకెల్లో ప్రకటించాడు. దీన్నే జియోకాషింగ్ అంటున్నారు. ఇప్పుడు ప్రపంచమంతటా ఇలా దాచిన డబ్బాలు 30 లక్షలకు పైనే వున్నాయి. వంతెనల కింద, పార్కు బెంచీల కింద, పొదల్లో వెతుక్కుంటూ తిరగడమే ఆట. పని లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా వూరంతా తిరగడం ఎంత సంతోషం! మన వూళ్ళో వంతెన కింద ఒక ఆడపిల్ల పది నిముషాలు ఒంటరిగా వెతుక్కుంటూ నిలబడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

అవే సంకేతాలు మన దేశంలో పారిశుధ్య కార్మికుల చేతికి గడియారాలై వచ్చాయి. నాగపూర్, చండీగఢ్ వంటి నగరాల్లో మునిసిపాలిటీలు వీళ్ళకి వాచీలు తొడిగి, ఎక్కడ నడుస్తున్నారో, ఎంతసేపు ఆగారో కనిపెట్టాయి. ఆ పనిలో వున్నవాళ్ళు ఎక్కువగా దళితులు, వాళ్ళలో స్త్రీలు ఎంతోమంది. మరుగుదొడ్డికి వెళ్ళినా లెక్క చెప్పాలా అని కార్మికులు ఎదురు తిరిగారు. ఒకరికి ఆటగా మారిన సాంకేతికత ఇంకొకరికి కాపలా అయింది. తేడా ఉపగ్రహంలో లేదు, దాన్ని ఎవరు ఎవరి మీద వాడుతున్నారన్న దాంట్లో వుంది.

పటం మన చేతికి వస్తే

అందుకే మ్యాపులే వద్దనడం పరిష్కారం కాదు. టాంజానియాలో మారా ప్రాంతం చూడండి. ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని అక్కడ 1998లోనే చట్టం నిషేధించినా అది ఆగలేదు. తప్పించుకుని వచ్చే పిల్లల కోసం ముగుము అనే వూళ్ళో ఆశ్రయం వుంది. కానీ ఏ గుడిసె ఎక్కడుందో, ఏ దారి ఎటు పోతుందో చూపే పటం లేదు. 2015లో మొదలైన ఒక బృందం ఉపగ్రహ ఫొటోలు చూసి దారులూ ఇళ్ళూ గీయించింది. వూరివాళ్ళు ఫోన్లు పట్టుకుని తిరిగి వూళ్ళ పేర్లు చేర్చారు. ఆ పటం సాయంతో రాత్రివేళ పిల్లల దగ్గరికి చేరుకోగలుగుతున్నారు. ఆ పటానికి ఏం కావాలో చెప్పింది ఆ పిల్లల్ని కాపాడే స్త్రీలే.

1989లో టొరంటో స్త్రీలు తమ వీధుల్లో తిరిగి వెలుతురు ఎక్కడ లేదో, ఎక్కడ అరిచినా వినపడదో రాసుకునే భద్రతా తనిఖీ పద్ధతి తయారుచేశారు. ఢిల్లీలో 2013 నుంచి అదే పద్ధతిని ఫోన్లలోకి తెచ్చి, రాత్రిపూట వీధులు ఫొటోలు తీసి చీకటి చోట్లు గుర్తించారు. కెమెరా ఇక్కడా వుంది. కాకపోతే అది మన ఇంట్లోకి చూడలేదు, వెలగని వీధిదీపం వైపు చూసింది.

స్వచ్ఛందంగా తయారయ్యే మ్యాపులైనా మనం లేకపోతే మనవి కావు. అందరూ కలిసి గీసే ఓపెన్ స్ట్రీట్ మ్యాపులో పిల్లల సంరక్షణ కేంద్రానికి ప్రత్యేక గుర్తు కావాలన్న ప్రతిపాదన 2011లో ఓటింగులో వీగిపోయింది. బారుకీ, నైట్ క్లబ్బుకీ, వేశ్యాగృహానికీ మాత్రం వేరువేరు గుర్తులుండేవి. ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు కావడంలో ఆశ్చర్యం లేదు. ఆ గుర్తు తరవాతెప్పుడో వాడుకలోకి వచ్చింది.

మనం ఏం అడగాలి?

జర్మనీలో 2010లో వీధి ఫొటోలు బయటికి రాకముందే జనానికి కాదనే అవకాశం ఇచ్చారు. 20 నగరాల్లో 2 లక్షల 44 వేల కుటుంబాలు తమ ఇళ్ళు చూపించవద్దన్నాయి. మనకీ ముందే చెప్పాలి, తెలుగులో చెప్పాలి, బస్తీకి వచ్చి చెప్పాలి. ఫొటో ఎక్కాక ఇంటర్నెట్‌లో ఫిర్యాదు చేసుకోమనడం, ఇంటర్నెట్ వాడని ఆడవాళ్ళకి తలుపు మూసెయ్యడమే. భద్రత పేరుతో మ్యాపుల్లో చూపకూడని వాటిలో స్త్రీల ఆశ్రయ గృహాల్ని కూడా చేర్చమని రెండు రాష్ట్రాల మహిళా కమిషన్లూ కేంద్రాన్ని అడగాలి. అడగమని వాటిని మనం అడగాలి.

మన సంస్థల్లో కూడా కొన్ని పనులు వెంటనే మొదలుపెట్టొచ్చు. మీరు నడిపే వసతిగృహం మ్యాపులో ఎలా కనిపిస్తోందో ఈ వారమే చూడండి. అవసరమైతే మసక చెయ్యమని కోరండి, అందుకు వీలు ఆ మ్యాపులోనే వుంటుంది. ఫండింగ్ ఏజెన్సీకి పంపే ఫొటోల్లో చోటు వివరాలు కలిసి వెళుతున్నాయేమో గమనించండి. బాధిత స్త్రీల ఫొటోలు తీసేముందు వాళ్ళని అడగండి. ఇవన్నీ చేసి చూశాక మీ జిల్లాలో ఏం కనిపించిందో రాయండి. కమిషన్ల ముందుకి వెళ్ళేటప్పుడు మన దగ్గర వట్టి అభ్యంతరాలు వుంటే చాలదు, మన వీధుల ఆధారాలు వుండాలి.