వినెడి చదువును మన చేతిలో ఉంచుకొందము

పండితుని "బహుశ్రుతుడు" అని పొగడుట మన భాషలో పూర్వాచారము. అనేక విషయములను విన్నవాడు అని ఆ మాటకు అర్థము. తాళపత్రములు అందరికిని అందని కాలమున గురువు చెప్పగా శిష్యుడు వినుటయే చదువు. ఉర్దూ అభ్యాసకులకును ఇట్టి అలవాటే కలదు. ఉస్తాదు నోట విన్న షేరును ఇంటికి పోయి బయాజులో ఎత్తి వ్రాసికొనెడివారు. బయాజనగా నచ్చిన కవితలను వ్రాసికొనెడి సొంత పుస్తకము. విన్నది గాలిలో కలిసిపోకుండ తన వద్ద నిలుపుకొనుటకే ఆ శ్రమ.

నేడు చెవి ద్వారా సాగు చదువు మరల మన ముంగిటికి వచ్చినది. పాడ్‌కాస్ట్ అని దానికి పేరు. రేడియో వలె వినదగినదే కాని వేళకు కట్టుబడినది కాదు. మన విద్యార్థులు బస్సులోను, హాస్టలు గదిలోను చరిత్ర, విజ్ఞానము, ఆంగ్ల సంభాషణ, పోటీ పరీక్షల పాఠములు వినుచున్నారు. ఇది మాకు సంతోషకరము. అయినను ఒకనాడు తరగతిలో, "మీరు విన్న ప్రసంగములలో మీ వద్ద నిలిచియున్నవి ఎన్ని?" అని అడిగితిమి. ఎవరును చేయి ఎత్తలేదు. "యాప్‌లో ఉన్నవి కద సార్!" అని ఒక విద్యార్థిని బదులు చెప్పినది. ఆ "యాప్‌లో" అను మాటను గురించియే ఈ వ్యాసము.

యాప్‌లో ఉన్నది మనదగునా? గూగుల్ సంస్థ 2018లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ అను యాప్‌ను ప్రారంభించి, 2024లో దానిని మూసివేసినది. చందాల పట్టికను వేరొక చోటికి తరలించుకొనుటకు గడువు ఇచ్చిన మాట నిజమే. గడువును గమనించినవారు తరలించుకొనిరి. గమనింపనివారి పట్టిక పోయినది. సంస్థను నిందించుటకు దీనిని చెప్పుట లేదు. అంగడి తెరచినవానికి మూయు అధికారమును కలదు. మన సొమ్మును ఆ అంగడిలో మరచి వచ్చుట మాత్రము మన పొరపాటు. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని పెద్దలు ఊరక అనలేదు.

అసలు పాడ్‌కాస్ట్ అనునది ఏ ఒక్క సంస్థ సొత్తును కాదు. ఆ పదమును బెన్ హామర్స్‌లీ అను ఆంగ్ల పాత్రికేయుడు 2004లో గార్డియన్ పత్రికలో వాడెను. పద్ధతి అంతకంటె పాతది. ఆర్.ఎస్.ఎస్. అను పట్టికలో శబ్దపు ఫైలు చిరునామాను చేర్చు ఏర్పాటును డేవ్ వైనర్ 2000 సంవత్సరాంతమున ప్రవేశపెట్టెను. ప్రసారకర్త తన వెబ్‌సైటులో ఒక పట్టికను ఉంచును. దీనినే ఫీడు అందురు. క్రొత్త ప్రసంగము సిద్ధమైనప్పుడెల్ల దాని పేరు, తేది, ఫైలు దొరకు చిరునామా అందులో చేరును. ఫీడును చదువగల ఏ సాధనమైనను ఆ ఫైలును తెచ్చి మనకు ఈయగలదు. పత్రికకు చందా కట్టినచో సంచిక ఇంటికి వచ్చి మన బీరువాలో చేరునట్లే ఇదియును. మనము బీరువాను మరచి, ప్రతి దినము అంగడి ముందు నిలుచుండి చదివి వచ్చుచున్నాము. అదియే మా అభ్యంతరము.

ఈ బీరువాకు తగిన చోటు లినక్స్ కంప్యూటరు అని మా అభిప్రాయము. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ నేడు లోకమంతట వ్యాపించినది. దానికి వెల లేదు. పాత యంత్రముల మీద నడచు రకములును కలవు. జీపాడర్ అను ఉచిత సాధనమును దానిలో నెలకొల్పుకొనవచ్చును. 2005 నుండి స్వచ్ఛంద కార్యకర్తలు దానిని తీర్చిదిద్దుచున్నారు. కావలసిన కార్యక్రమపు ఫీడు చిరునామాను అందులో ఒకసారి చేర్చినచో చాలును. క్రొత్తవి వచ్చినవేమో అదియే విచారించును. తెమ్మన్న వానిని తెచ్చి, కార్యక్రమమునకు ఒక్కొక్క ఫోల్డరు చొప్పున అమర్చును. చందాల పట్టికనంతయు ఓపీఎంఎల్ అను ఒక చిన్న ఫైలుగా వ్రాసి ఇచ్చును. ఆ ఫైలు చేతిలో ఉన్నంత కాలము ఏ యాప్ మూతపడినను మనకు చింత లేదు. వేరొక సాధనమునకు దానిని అందించినచో చందాలన్నియు మరల నిలబడును.

ఇక ఫోనులోనికి చేర్చు విధము. ఆండ్రాయిడ్ ఫోనును కేబులుతో కంప్యూటరునకు కలిపినప్పుడు సామాన్యముగా అది చార్జింగు మాత్రమే స్వీకరించును. "కేబులు పెట్టితిని, ఫోను కనబడుట లేదు" అని విద్యార్థులు మా వద్దకు వచ్చుట ఇందువలననే. ఫోను తాళము తీసి, పై నుండి జారు సూచనలలో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అనుదానిని ఎంచుకొనవలెను. అంతట కంప్యూటరులో ఫోను ఒక ఫోల్డరుగా తెరచుకొనును. జీపాడర్ తానే ఆ ఫోల్డరులోనికి ఫైలులను పంపగలదు. అది మొరాయించిన యెడల చేతితో ఎత్తి పెట్టినను ఫలితమొక్కటే. ఫోనులో ఆంటెన్నాపాడ్ అను ఉచిత యాప్‌నకు ఈ ఫోల్డరును చూపినచో, ఆ ఫైలులు మామూలు కార్యక్రమముల వలెనే కనబడును. ఎంతవరకు వింటిమో అదియే గుర్తుంచుకొనును.

కేబులు లేకయే కావలెనన్నచో సింక్‌థింగ్ అను సాధనము ఒకే వైఫై క్రింద ఉన్న కంప్యూటరును ఫోనును తమలో తాము సరిచూచుకొనునట్లు చేయును. నడుమ ఏ సంస్థ గిడ్డంగిలోను మన ఫైలులు నిలువ ఉండవు. దాని మొదటి ఆండ్రాయిడ్ యాప్ 2024లో ఆగిపోయినదని దాచక చెప్పవలెను. ఉచిత సాధనములును ఆగిపోవును. కాని మూలమంత్రము, అనగా దాని కోడు, బహిరంగముగా ఉన్నందున ఇతర కార్యకర్తలు వేరొక రూపమున దానిని కొనసాగించిరి. సాధనము మారినను మన ఫైలులు ఎక్కడివి అక్కడనే ఉన్నవి. మేము కోరు భేదమిదియే.

ఇచ్చట మా అవివేకమును గురించి చెప్పక తప్పదు. రెండు చోట్ల ఉన్నవానిని సమానము చేయుటను సింక్ అందురు. సమానము చేయుటకును భద్రపరచుటకును గల భేదమును మేము నష్టపడి తెలిసికొంటిమి. మాకు ఛందస్సు చెప్పిన గురువు గారు ఉద్యోగ విరమణానంతరము ఒక సాయంత్రము తమ వరండాలో కూర్చుండి, తమ చిన్ననాటి అవధానములను గురించి సుమారు నలుబది నిమిషములు ముచ్చటించిరి. మధ్య మధ్య ఆయన భార్య టీ తెచ్చుటయు, వీధిలో కూరగాయలవాని కేకయు అందులో కలవు. ఆ ముచ్చటను ఫోనులో రికార్డు చేసి, తొందరలో పాడ్‌కాస్టుల ఫోల్డరులోనే ఉంచితిమి. ఆ రాత్రి కంప్యూటరున ఆర్‌సింక్ అను సాధనమునకు ఆజ్ఞ ఇచ్చుచు, "కంప్యూటరులో లేనివి ఫోనులోను ఉండరాదు" అను షరతును చేర్చితిమి. విని ముగించిన పాత ప్రసంగములు తొలగిపోవునని మా ఉద్దేశము. యంత్రము చెప్పినట్లు చేసినది. గురువు గారి కంఠమును తొలగిపోయినది. మరల రికార్డు చేయవచ్చునని వాయిదా వేయుచుంటిమి. ఆ మరుసటి వేసవిలో ఆయన కాలధర్మము చెందిరి.

ఆ నష్టము ఏ సంస్థ చేసినదియు కాదు. మా చేయి చేసినది. దానివలన మూడు నియమములు నేర్చితిమి. తెచ్చుకొన్నవానిని, మనము స్వయముగా రికార్డు చేసినవానిని ఒకే ఫోల్డరులో ఉంచరాదు. తొలగించు ఆజ్ఞ ఇచ్చుటకు ముందు ఏవి తొలగునో పట్టిక చూపుమని సాధనమును అడుగవలెను. ఆర్‌సింక్‌లో అట్టి ఏర్పాటు కలదు. మరల దొరకని దానికి రెండవ ప్రతి వేరొక డిస్కులో ఉండవలెను. విద్యార్థులు ఈ మూడింటిని నష్టపడకయే నేర్చుకొందురుగాక.

"ఫోను ఒక్కటే ఇవన్నియు చేయుచుండగా కంప్యూటరు ఎందుకు?" అని కొందరు మిత్రులు అడిగిరి. సొంత ఫోను, చాలినంత డేటా గలవారికి ఆంటెన్నాపాడ్ ఒక్కటియే చాలును; చందాల పట్టికను మాత్రము అప్పుడప్పుడు ఫైలుగా దాచుకొనిన చాలు. కాని మన కళాశాలలో అందరును అట్టివారు కారు. ఇంటికంతకు ఒకే ఫోను ఉండి, తండ్రి పని నుండి వచ్చిన తరువాత గాని అది చేతికి రాని విద్యార్థినులను మేమెరుగుదుము. నెల చివరి వారమున రీచార్జి ముగిసి ఊరకుండు హాస్టలు విద్యార్థులనును ఎరుగుదుము. లెక్క చూడుడు. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున రికార్డు చేసిన ఒక గంట ప్రసంగము 57.6 మెగాబైట్లు. అరువదిమంది వేరువేరుగా తెచ్చుకొన్నచో దాదాపు మూడున్నర గిగాబైట్లు ఖర్చగును. గ్రంథాలయములోని కంప్యూటరు ఒక్కసారి తెచ్చినచో 57.6 మెగాబైట్లతో సరిపోవును. 32 గిగాబైట్ల చిన్న కార్డులో అట్టివి ఐదు వందల గంటలకు పైగా పట్టును. ఒకసారి ఫోనులో చేరినదానిని డేటా లేకున్నను, సిగ్నలు లేని పల్లెలోనైనను వినవచ్చును.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు. ఫీడు ఉచితముగా దొరకినంత మాత్రమున దానిని పదిమందికి పంచు హక్కు మనకు లభింపదు. పైగా అరువదిమంది విన్నను ప్రసారకర్త లెక్కలో ఒక్కరే పడుదురు. శ్రోతల సంఖ్యను చూపి కార్యక్రమమును నిలుపుకొనువారికి ఇది నష్టము. ఈ ఆక్షేపణ న్యాయమైనది. కావున పంచుకొనుటకు అనుమతించు లైసెన్సుతో వెలువడిన కార్యక్రమములను గ్రంథాలయము మొదట ఎన్నుకొనవలెను. తక్కిన వాని విషయమున ప్రసారకర్తకు ఉత్తరము వ్రాసి, ఇంతమంది విద్యార్థులు వినగోరుచున్నారని తెలిపి అనుమతి కోరవలెను. అనుమతి రానిచో విద్యార్థి తన చందాను తానే చేర్చుకొని, తన ఫోనులోనికే తెచ్చుకొనును. చదువు పేరిట పరుల కష్టమును దోచుట చదువు కాజాలదు.

లినక్స్ కష్టమని వెరచువారికి ఒక మాట. కేరళ రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు చాల ఏండ్లుగా దానిమీదనే కంప్యూటరు నేర్చుచున్నారు. ఉన్నత పాఠశాల పిల్లలకు సాధ్యమైనది డిగ్రీ విద్యార్థులకు అసాధ్యము కాదు.

పాలక సంఘము వారికి మా విన్నపము చిన్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. క్రొత్త విండోస్‌ను మోయలేని యంత్రములు మన ప్రయోగశాలలో కొన్ని కలవు. పాత సామానుల క్రింద వానిని అమ్మివేయుటకు ముందు, ఒక్కదానిని గ్రంథాలయమునకు ఇప్పింపుడు. దానిలో లినక్స్ నెలకొల్పు పనిని మేమును కంప్యూటరు విభాగపు మిత్రులును ఉచితముగా చేయుదుము. కొనవలసినవి రెండు డిస్కులు, నాలుగు కేబుళ్లు. ఏ కార్యక్రమములు తెప్పింపవలెనో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల విభాగముల అధ్యాపకులు కలిసి నిర్ణయింతురు. నిర్వహణ విద్యార్థులదే కావలెను. వారానికి ఇద్దరు వంతులవారీగా చూచుకొన్నచో చాలును.

ఆ డిస్కులో ఒక ఫోల్డరును మాత్రము ఖాళీగా ఉంచుదము. అందు మన ఊరి పెద్దల కంఠములను చేర్చుదము. దక్కనీ సామెతలు చెప్పు నానీలు, వీధి బడిలో చదివిన తాతలు, బుర్రకథలు విన్నవారు ఇంకను మన మధ్య ఉన్నారు. వారి మాటలు ఏ ఫీడులోను రావు. వారిని రికార్డు చేయగల ఫోను మీ జేబులోనే ఉన్నది. విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సెలవులలో ఒక్కొక్కరు ఒక్క కంఠమును తెండు. రెండవ ప్రతి తీసిన పిమ్మటనే సింక్ చేయుడు. మేము పోగొట్టుకొన్నది మాకు మరల రాదు. మీది మీ వద్ద నిలుచునని ఆశించుచున్నాము.