నోడ్ 'సింక్ అయింది' అంటే నమ్మేయాలా?

కొత్త వెర్షన్ రాగానే అప్‌డేట్ కొట్టే బ్యాచ్‌లో నేనూ ఒకడిని. కానీ క్రిప్టో నోడ్ విషయంలో మాత్రం కాస్త ఆగుతా. కారణం, 2013 మార్చి.

అప్పటికి బిట్‌కాయిన్ వయసు నాలుగేళ్లే. 0.8 నోడ్‌లు ఓకే చేసిన ఓ పెద్ద బ్లాక్‌ను 0.7 నోడ్‌లు డేటాబేస్ లిమిట్ వల్ల తిరస్కరించాయి. చైన్ రెండుగా చీలింది. ఎవరి నోడ్ వాళ్లకి సింక్‌లోనే కనిపించింది! చివరికి మైనర్లు 0.7కి వెనక్కి వెళ్లారు. ఎందుకంటే ఆ చైన్‌ను రెండు వెర్షన్లూ ఒప్పుకుంటాయి. 0.8 చైన్‌లో తవ్విన రివార్డులు మాత్రం గాల్లో కలిశాయి.

మైనర్లు తక్కువుండే కొత్త కాయిన్లలో ఇంకా జాగ్రత్త అవసరం. బ్లాక్ నంబర్ ఒక్కటే చూడకండి. అదే బ్లాక్ హ్యాష్‌ను వేరే వెర్షన్ నడిపే ఫ్రెండ్ నోడ్‌తో సరిపోల్చండి. తేడా వస్తే, పేమెంట్లు ఆపేయండి. మీరేమంటారు?