జిల్లా సగటులో కనిపించని ఆసుపత్రి

2020 సెప్టెంబరులో వెలువడిన కోవిడ్ సీరో సర్వేలో, అంటే రక్తంలో యాంటీబాడీలు వెతికే సర్వేలో, ఆంధ్రప్రదేశ్ సగటు 19.7 శాతం కాగా, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా 12.3 శాతంతో బాగా కింద నిలిచింది. ఇది మెచ్చుకోదగ్గ అంకెలా కనిపిస్తుంది. నిజానికి వైరస్ మళ్లీ వస్తే దానికి దొరికేవాళ్లు వందలో 87 మందికి పైగా మిగిలి ఉన్నారని దాని అర్థం. 2021 వేసవిలో అది మళ్లీ రానే వచ్చింది. పైగా డెల్టా, మెట్ట, ఏజెన్సీ అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు రోగులను చూసే జంగారెడ్డిగూడెం ఏరియా ఆసుపత్రి సిబ్బంది సంగతి అందులో ఎంత వెతికినా దొరకదు.

సిబ్బందిని విడిగా ఎందుకు చూడాలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మూడో జాతీయ సర్వే చెప్పింది: 2021 జనవరి నాటికి జనంలో 21.5 శాతం మందికి యాంటీబాడీలుంటే, ఆరోగ్య సిబ్బందిలో 25.7 శాతం మందికి ఉన్నాయి. ఆర్నెల్లకు అవి 67.6, 85.2 అయ్యాయి. అయితే ఈలోగా టీకాలు వచ్చాయి కాబట్టి ఈ రెండో జతలో జబ్బు వాటా ఎంతో విడదీయడం కష్టం. కోవిషీల్డ్ స్పైక్ ప్రోటీన్‌కే యాంటీబాడీలు పుట్టిస్తుంది. వైరస్ మొత్తాన్ని చంపి తయారుచేసిన కోవాగ్జిన్ అలా కాదు, అది వేసుకున్నవారి రక్తం జబ్బు చేసినవారి రక్తంలాగే జవాబివ్వవచ్చు. ఈ చిక్కు ఒక్కసారి రక్తం తీస్తే విడిపోదు. అదే మనుషులను టీకాకు ముందూ తరువాతా మళ్లీ మళ్లీ పరీక్షించాలి. బ్రిటన్‌లో 2020 జూన్‌లో మొదలైన సైరెన్ అధ్యయనం 25 వేలమందికి పైగా ఆసుపత్రి ఉద్యోగులను అలాగే వెంబడించి, ఒకసారి జబ్బు చేసినవారికి మళ్లీ సోకే ముప్పు 84 శాతం తక్కువని తేల్చింది.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థే కోవిడ్ అత్యవసర స్థితిని ఎత్తేశాక, జంగారెడ్డిగూడెం సిబ్బందికి ఇలాంటి పరీక్షలు ఇంకా ఎందుకని అడగవచ్చు. అలజడి లేనప్పుడు తీసి భద్రపరిచిన రక్తమే రేపటి కొత్త జబ్బుకు కొలబద్ద. వ్యాధి వచ్చిపడ్డాక దాన్ని సంపాదించలేం. యాంటీబాడీలు తగ్గిపోతాయన్న మాట నిజమే, ఎంత త్వరగా తగ్గుతాయో తెలియాలంటే కొలుస్తూనే ఉండాలి. కాస్త బరువైన అభ్యంతరం గోప్యత గురించినది. 2020లో నర్సులను అద్దె ఇళ్లలోంచి వెళ్లిపొమ్మన్న సమాజం మనది. కనుక పేర్లకు బదులు సంకేత సంఖ్యలే వాడాలి. కానీ రికార్డే లేకపోవడం ఇంతకన్నా నష్టం: కోవిడ్‌తో చనిపోయిన ఆరోగ్య సిబ్బంది కుటుంబాలకు కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమాకు పాజిటివ్ అని ల్యాబ్ రిపోర్టు కావాలన్నారు. పరీక్షే జరగని పారిశుద్ధ్య కార్మికుడి కుటుంబం ఏ కాగితం చూపిస్తుంది? డాక్టర్లతోపాటు వార్డుల్లో సహాయకులుగా పనిచేసే ఎంఎన్‌వోలు, ఎఫ్‌ఎన్‌వోలు (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు), కాంట్రాక్టు కార్మికులు కూడా ఈ లెక్కలో ఉండాలి. కాంట్రాక్టరు మారినా రికార్డు ఆసుపత్రిలోనే ఉండాలి, దాని ప్రతి ఒకటి ఆ మనిషి చేతిలో ఉండాలి.