లేటైతే లేటాయె, ఎందుకో చెప్పుండ్రి

గగన్‌యాన్ 2022ల పోతదని 2018ల ఎర్రకోట మీదికెళ్లి చెప్పిండ్రు. ఆ ఏడు ఎన్నడో దాటింది. మా అసొంటి రాకెట్ల పిచ్చోళ్లకు ఎదురుచూసుడు కొత్తగాదు. రాజాచారి తాతది మన పాలమూరే, ఉస్మానియాల లెక్కల సారు. గందుకే 2021ల ఆయన కమాండరుగ పోయే క్రూ-3 మీద పావురం ఎక్కువుండె. అక్టోబర్ 31న పోవాలె. సముద్రంల తుఫానని ఆపిండ్రు. గడ్డ మీద ఎండ కొడుతుంటే తుఫానుతోని ఏం పని అంటరా? ఎగిరినంక రాకెట్ మొరాయిస్తే మనుషులున్న డబ్బా పడేది అట్లాంటిక్‌లనే. అలలు ఎగుస్తుంటే వాళ్లను తీసేదెట్ల? తర్వాత సిబ్బందిల ఒకరికి పానం బాగలేకుండె. పేరు చెప్పలే, కరోనా కాదని మాత్రం నాసా చెప్పింది. గది సాలు. నవంబర్ 10 రాత్రి, మనకు 11 పొద్దుగాల, ఎగిరింది.

1986ల గడ్డకట్టే చలిల, ఇంజనీర్లు వద్దన్నా ఛాలెంజర్‌ను లేపిండ్రు. 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు పోయిండ్రు.

గందుకే గగన్‌యాన్ లేటని నేను తిట్ట. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటల పరీక్ష రాకెట్‌ను ఇంక 5 సెకన్లుందనంగ కంప్యూటర్ ఆపింది. ఇస్రో అప్పటికప్పుడే జనానికి చెప్పింది, సరిజేసి 10 గంటలకు లేపింది. పెద్ద తారీఖులు జరిగినప్పుడు గూడ గట్లనే చెప్పాలె, తెలుగుల గూడ.