ఇంటి వెలుగులోనే తొలి పాఠం

ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లకు బతుకుతెరువు వేరే ఉంటుంది. బ్యాంకులోనో బడిలోనో పొలంలోనో పని చూసుకుని, మిగిలిన వేళల్లో కెమెరా పట్టుకుంటారు. ఫలానా ఫొటోనే కావాలని అడిగే గిరాకీ ఉండదు, ఫలానా తేదీకల్లా ఇవ్వాలన్న గడువూ ఉండదు. నచ్చినదాన్ని నచ్చినంతసేపు చూడగలగడమే వారి సంపద. చాలామంది ఆ సంపదను ప్రయాణాలకే దాచుకుంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు బీరువాలో ఉండే కెమెరా అరకుకో హంపీకో బయల్దేరిన రోజునే బయటికొస్తుంది. అక్కడ మంచి వెలుగు ఎదురైనా దాన్ని అందుకునేటంతగా చేయి తిరిగి ఉండదు. ఫొటోగ్రఫీ ఇంట్లో నేర్వవలసిన విద్య. ప్రయాణంలో దానికి పరీక్ష జరుగుతుంది. తీసినవాటికి విలువ మాత్రం మళ్లీ ఇంటికి చేరాకే ఏర్పడుతుంది.

ఈ కళ మొదలైందే ఇళ్లలో. ఫ్రాన్స్‌కు చెందిన నిసెఫోర్ నియెప్స్ 1826–27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీలోంచి కనబడే కప్పులను, గోడలను ఒక లోహపు పలక మీద నిలిపారు. కెమెరాతో తీసి నేటికీ మిగిలిన చిత్రాల్లో అదే అతి పాతది. ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో తీసిన నెగెటివ్‌లో ఉన్నదీ ఆయన ఇంటి కిటికీయే. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 48 ఏళ్ల వయసులో కూతురు, అల్లుడు కెమెరా కానుకగా ఇచ్చారు. ఇంటి కోళ్లగూటిని స్టూడియోగా మార్చుకుని, పనిచేసే అమ్మాయిలను, బంధువులను, ఇరుగుపొరుగును కూర్చోబెట్టి ఆమె తీసిన ముఖాలు 19వ శతాబ్దపు గొప్ప ఫొటోల్లో చేరాయి. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ లాలా దీన్ దయాళ్. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ 1870లలో ఆసక్తి కొద్దీ ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆనాటి హైదరాబాద్ ఇవాళ కళ్లకు కడుతోందంటే అందులో ఆయన పాలు పెద్దది.

ఇంట్లో మొదట నేర్చుకోవలసింది వెలుగు నడక. కిటికీ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, ఒక్కో అడుగూ గది లోపలికి జరుపుతూ పోతే వెలుగు తగ్గే తీరు తెలుస్తుంది. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్ద కిటికీ దగ్గర అంత వేగంగా పడిపోదు గానీ, ముఖానికి ఒకవైపు నీడ చిక్కబడటం స్పష్టంగా కనిపిస్తుంది. దిక్కులనూ గమనించాలి. చలికాలంలో ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ రాదు, రోజంతా మెత్తని వెలుగే వస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు అదే కిటికీ తీరు మారిపోతుంది. ఒకే గదిని ఏడాది పొడవునా చూసినవారికి ఈ తేడాలు ఏ పుస్తకమూ తెరవకుండానే పట్టుబడతాయి.

కెమెరా మీద అదుపు కూడా ఇంట్లోనే రావాలి. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్‌ను సెకనులో వెయ్యో వంతు షటర్ వేగంతో తీస్తే రెక్కలు దాదాపు ఆగినట్టు పడతాయి, ముప్పయ్యో వంతుతో తీస్తే చెదిరిపోతాయి. పూలకుండీల వరుసను ఎఫ్/2 అపర్చర్ వద్ద తీస్తే ఒక్క కుండీయే స్పష్టంగా ఉంటుంది, ఎఫ్/11 వద్ద వెనకవి కూడా తేటపడతాయి. డాబా మీద నుంచి పున్నమి చంద్రుణ్ని తీసేటప్పుడు చుట్టూ చీకటి ఉంది కదా అని ఎక్కువ వెలుగు పోనిస్తే తెల్లటి మచ్చ మిగులుతుంది. చంద్రుడి మీద పడుతున్నది ఎండే. అందుకే ఐఎస్ఓ 100, ఎఫ్/11, సెకనులో 125వ వంతు అనే పగటి లెక్కతో మొదలుపెడితే మచ్చలన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

ఇంట్లో తీయడానికి ఏముందన్న మాట నిజం కాదు. సంక్రాంతి పొద్దున ఏటవాలు ఎండ పడినప్పుడు ముగ్గులో ప్రతి గీతకూ నీడ ఉంటుంది, నడినెత్తి ఎండలో ఆ నీడ ఉండదు. పెరట్లో కరివేపాకు చెట్టు మీద సీతాకోకచిలుక పెట్టిన గుడ్డు పురుగై, మొదట పిట్ట రెట్టలా కనబడి, తర్వాత ఆకుపచ్చ రంగుకు మారి, ప్యూపాగా మారే వరకూ అన్ని దశలూ నాలుగు అడుగుల దూరంలోనే జరుగుతాయి. వేసవిలో ఆవకాయ కలిపే చేతులు, పెద్దవాళ్లు పత్రిక చదివే కుర్చీ, బడికి బయల్దేరే పిల్లల హడావిడి రోజూ కళ్లముందు ఉంటాయి కనుకే ఎవరూ తీయరు. రోలు, అరుగు, పెంకుటిల్లు అలాగే ఫొటోల్లో పడకుండా ఎన్నో ఇళ్ల నుంచి వెళ్లిపోయాయి. ఉన్నప్పుడు మామూలుగా అనిపించినవే పోయాక వెతుక్కోవలసినవి అవుతాయి. అవి తీయగలిగేది ఆ ఇంట్లో ఉన్నవారే.

ప్రయాణానికి ముందు సంచి తేలిక చేసుకోవడం మంచిది. చేతికి బాగా అలవాటైన ఒకటి రెండు లెన్సులు చాలు. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెకిన్ సామానులో పెట్టనివ్వరు, వెంట ఉంచుకోవాలి. ఏసీ గదిలోంచి నేరుగా సముద్రపు ఒడ్డుకు వెళ్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. కెమెరాను కాసేపు సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. తిరిగొచ్చాక తోలు సంచిలో మూసిపెడితే, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో వానాకాలంలో, లెన్సుకు బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి తేమను 40–50 శాతం మధ్య ఉంచితే ఆ బెడద ఉండదు.

చేరిన చోట మొదటి గంట కెమెరా కంటే కళ్లకు పని చెప్పాలి. 1213 నాటి రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంది. ఉదయం ముందు భాగం మీద వెలుగు పడుతుంది, సాయంత్రం వెనక నుంచి వస్తుంది. చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికా శిల్పాల నునుపు ఏ వేళ బాగా తెలుస్తుందో ఒక్కసారి వెళ్లినవారికి అర్థం కాదు. అందుకే ఒక్క రోజులో ఐదు చోట్లు చుట్టడం కంటే ఒకే చోటును పొద్దున, మునిమాపు రెండుసార్లు చూడటం మేలు. నిబంధనలూ తెలిసి ఉండాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ఫొటోలకు 2018లో అనుమతి ఇచ్చారు, తాజ్ మహల్ సమాధి మందిరం, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్‌లను మాత్రం మినహాయించారు. ట్రైపాడ్ వాడాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గర్భగుడి వైపు కెమెరా ఎత్తకపోవడం రాసి ఉన్నా లేకున్నా పాటించవలసిన మర్యాద.

కెమెరా వల్ల ఎక్కువ హాని జరిగేది పక్షులకు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యకే వచ్చి గూళ్లు కడుతున్నాయంటే, ఆ ఊళ్లవాళ్లు వాటిని తమవిగా చూసుకోవడమే కారణం. ఒక మంచి ఫ్రేము కోసం గూటికి దగ్గరగా వెళ్తే తల్లిపక్షి లేచిపోతుంది. అది తిరిగొచ్చేలోగా గుడ్లు ఎండకు దెబ్బతింటాయి, లేదా కాకులు, గద్దలు ఎత్తుకుపోతాయి. పక్షి మేత మాని తలెత్తి చూసిందంటే అదే ఆగవలసిన దూరం. రికార్డు చేసిన కూత వినిపించి పిలవడం, గూటి మీద ఫ్లాష్ వేయడం, అడ్డంగా ఉన్న కొమ్మ విరవడం ఎంత అందమైన ఫొటో వచ్చినా సమర్థించరాని పనులు.

మనుషుల విషయంలో అడగడమే నియమం. సంతలో కూర్చున్న గిరిజన స్త్రీకి, లాడ్ బజారులో గాజులు అమ్మేవారికి తమ ముఖం మీద హక్కు ఉంది. అడిగితే సహజత్వం పోతుందని కొందరు వాదిస్తారు. అడిగి, ఒప్పుకున్నాక పక్కనే పది నిమిషాలు కూర్చుంటే ఆ బిగువు దానంతటదే సడలిపోతుంది. వద్దన్నవారిని దూరం నుంచి పెద్ద లెన్సుతో తీయడం దొంగతనమే. ఫొటో దిగినవారికి ఒక ప్రింటు పంపిస్తానని మాటిస్తే నిలబెట్టుకోవాలి. చాలామంది ఇచ్చే ఆ మాట చాలా అరుదుగా చిరునామాకు చేరుతుంది. వెంట వచ్చిన కుటుంబానికీ న్యాయం జరగాలి. ప్రతి మలుపులోనూ అందరినీ ఎండలో నిలబెట్టకుండా, తెల్లవారుజామున వారు నిద్రలేవకముందే తన పని చూసుకునే ఫొటోగ్రాఫర్‌కు ప్రయాణం, ఇల్లు రెండూ చల్లగా ఉంటాయి. కుటుంబ ఆల్బముల్లో ఎక్కడా కనిపించనిది తరచుగా కెమెరా పట్టుకున్న మనిషే. రోజుకు ఒక్కసారైనా దాన్ని మరొకరి చేతికిచ్చి తానూ అందరి మధ్య నిలబడాలి.

తిరిగి ఇల్లు చేరాక మొదలయ్యే పని అందరూ వాయిదా వేసేది. వందల ఫొటోల్లోంచి పదో ఇరవయ్యో ఏరడం, మిగిలినవాటిని నిర్దయగా పక్కన పెట్టడం తీయడమంత ముఖ్యమైన పని. ఏరినవాటికి మనుషుల పేర్లు, ఊరు, తేదీ రాయాలి. అమెరికాలో వివియన్ మేయర్ ఇళ్లలో పిల్లలను చూసుకునే ఆయాగా బతుకుతూ, లక్షకు పైగా ఫొటోలు తీసి దాదాపు ఎవరికీ చూపలేదు. డెవలప్ చేయని ఫిల్ము రోళ్లు కూడా అందులో ఎన్నో ఉన్నాయి. 2007లో అద్దె గోదాములోని సామాను వేలానికి వచ్చినప్పుడే ఆ ఫొటోలు పరుల చేతికి దొరికాయి. 2009లో ఆమె చనిపోయేనాటికి లోకానికి ఆమె పేరు తెలియదు. అలా బయటపడే అదృష్టం ప్రతి పెట్టెకూ పట్టదు. భద్రపరచడానికి పాటించదగిన సూత్రం ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, అందులో ఒకటి వేరే చోట. ఫోనులో ఉండటం భద్రపరచడం కాదు, మెసేజింగ్ యాప్‌లలో పంపిన ప్రతి కుదించుకుపోయినదే కావచ్చు. ఏటా కొన్నింటినైనా మంచి కాగితం మీద ప్రింటు తీయించి, వెనక పెన్సిలుతో వివరాలు రాస్తే రేపటి తరం ఏ పరికరమూ లేకుండానే చూడగలుగుతుంది.

చివరిగా, ఏరిన ఫొటోల్లో కొన్నిటిని అందరికీ ఇవ్వాలి. భారత చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు మామూలుగా దాన్ని తీసినవారిది, వారి జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అమ్ముకునే అవసరం లేనివారు ఆ హక్కులోంచి కొంత వదులుకోగలరు. ఊరి గుడి, చెరువు, పాత బడి ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాలకు పనికొస్తాయి. పక్షుల ఫొటోలను తేదీ, చోటుతో ఈబర్డ్ అనే వెబ్‌సైటులో చేరిస్తే శాస్త్రజ్ఞులకు ఆధారాలవుతాయి. ఊరి పాత ఫొటోలు గ్రామ గ్రంథాలయంలోనో బడిలోనో ఒక ఆల్బముగా ఉంటే, చరిత్ర రాసేవారు లేని ఊళ్లకు అదే చరిత్ర. ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి: ముఖం కనిపించే మనిషి అనుమతి ఉండాలి, అరుదైన పక్షి గూడు ఉన్న చోటు బయటపెట్టకూడదు.