ఆటలో దాగిన మాంత్రికుడు

మన విద్యార్థులలో గొందరు సెలవుదినములలో పాత్రధారణక్రీడ లాడుచున్నారు. వీని నెరుగని తల్లిదండ్రులకొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. నలుగురైదుగురు బల్లచుట్టును గూర్చుండి యొక్కొక్క పాత్రను ధరింతురు. ఒకడు మాత్రము గేమ్‌మాస్టరై లోకమును, అందలి జనులను, వారి చట్టములను వర్ణించుచు కథ నడుపును. ఫలితము సందేహమైనచోట పాచికలు వేయుదురు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించి ప్రకటించిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఈ జాతికి మొదటిదిగా నెన్నబడుచున్నది. కంప్యూటరుపై నొంటరిగా నాడుకొనునవియు గలవు.

ఈ యాటలలో మంత్రములున్నవని 1980 తరువాతి దశాబ్దమున అమెరికాలో క్రైస్తవ కుటుంబములు పెక్కు కలతచెందినవి. ఆ కలతను మేము పరిహసింపము. మాకు మాత్రము గిట్టనిది వేరొకటి: మంత్రము ప్రయోగించినవాడు దాని ఫలము ననుభవింపకపోవుట.

2011లో కెనడాదేశపు బయోవేర్ సంస్థవారు వెలువరించిన "డ్రాగన్ ఏజ్ 2" ఇందుకు దృష్టాంతము. అందలి కర్క్‌వాల్ నగరమున మాంత్రికులు సర్కిల్ అను సంస్థలో నిర్బంధమున నుండవలెను. వెలుపల దిరుగువారిని బట్టుటకు టెంప్లర్లను సాయుధభటులు గలరు. ఆటగాడు తన పాత్రయగు హాక్‌ను మాంత్రికునిగా నెన్నుకొనవచ్చును. అప్పు డాతడు చట్టము దృష్టిలో దాగియుండవలసినవాడు. కాని నడివీథిలో నిప్పులు గురిపించినను అడుగువాడు లేడు! కల్లెన్ అను టెంప్లరు ప్రక్కనే నిలిచి మంత్రములతో బోరాడిన హాక్‌తోనే, మాంత్రికులు మనవంటి మనుష్యులు కారని యా కల్లెన్ పలుకును. వినువారికి నవ్వు రాకమానదు. హాక్ మాంత్రికుడు కానిచో ఆతని చెల్లెలు బెతనీ మాంత్రికురాలై కథలో నిలుచును. ఆమెను ఇంట విడిచి హాక్ భూగర్భయాత్రకు బోయివచ్చునప్పటికి టెంప్లర్లు వచ్చి యామెను గొనిపోవుదురు. చెల్లెలి కొక చట్టము, ఆటగాని కొక చట్టమా?

ప్రతివీథికిని సాక్షులను, వారి మాటలను, భటుల రాకను వ్రాయుట కొండంత పనియని కొందరు సమాధానము చెప్పుదురు. కావచ్చును. బల్లచుట్టు నాడునప్పు డా సాకు చెల్లదు. గేమ్‌మాస్టరునకు నోరున్నది, జ్ఞాపకమున్నది.

1991లో ప్రకటింపబడిన "డార్క్ సన్" ఈ విషయమున మేలు. అచ్చట మంత్రశక్తిని చెట్టుచేమల ప్రాణమునుండి లాగుదురు. నిర్లక్ష్యముగా లాగినచో చుట్టునున్న పచ్చదనము బూడిదయగును. ఆ బూడిదయే సాక్షి. జాగ్రత్తతో లాగువారును గలరు గాని జనులు వారిని వీరిని వేరుపరుపక ద్వేషింతురు. అందుచే వారు రహస్యసంఘముగా నుందురు.

విరాటపర్వము చదివిన మన బాలురకు ఇది క్రొత్తగాదు. పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి కొలువులో జేరిరి. ఏడాదిలోపల గుర్తింపబడినచో మరల పండ్రెండేండ్లు అడవియే. భీముడు కీచకుని రాత్రివేళ జంపగా, ఆ పని గంధర్వులదని చెప్పుకొనిరి. అయినను వార్త హస్తినాపురము చేరెను. అంతటి బలశాలిని జంపగలవా రెందరని దుర్యోధనుడు లెక్కించెను, గోగ్రహణము వచ్చెను. ఒక్క రాత్రి పనినుండి యింత కథ పుట్టినది.

మన గేమ్‌మాస్టరులు చిన్నపుస్తక మొకటి యుంచుకొని, మంత్రము ప్రయోగింపబడిన ప్రతిపర్యాయము ఎక్కడ, ఎవరు చూచిరి అని వ్రాసికొనవలెనని మా కోరిక. ఈ నియమమును ఆటకు ముందే చెప్పుట న్యాయము. "ఆటయే గదా, పోనిండు" అని మిత్రుడు బతిమాలినను గీత చెరుపరాదు. అట్లని మొదటి తప్పునకే యురికంబ మెక్కింపనక్కరలేదు. ప్రక్కయింటి కిటికీనుండి యొక పిల్లవాడు చూచెనని చెప్పి, ఆ పిల్లవాని నేమిచేయుదువని యాటగాని నడుగవలెను. వాడు బదులు చెప్పువరకు కథను ముందునకు సాగనీయరాదు.